గుంటూరు ఏసీలో శవం, తేజ టిక్కీల్లో రెండు కోట్లు: ఈ డార్క్ కామెడీ కథలో లొసుగులు పట్టండి

బ్రాడీపేట 4/14
కథ మొత్తం కింద పెడుతున్నాను. మొహమాటం వద్దు, ఉతికి ఆరేయండి. చిన్న బడ్జెట్టు, రెండు గంటల లోపు నిడివి, గుంటూరు, విజయవాడ దాటి ఎక్కడికీ పోదు.

మిర్చి యార్డులో ఒక దిగుమతి షాపు, అంటే రైతుల సరుకు దించుకుని అమ్మిపెట్టే కమీషన్ షాపు. యజమాని లెక్కల్లో చూపని రెండు కోట్ల నగదును గుమస్తా ఒక తేజ టిక్కీలో (తేజ రకం ఎండుమిర్చి బస్తాలో) కుక్కి ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో వేస్తాడు. బాండు, అంటే సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు, తన పేరునే రాయించుకుంటాడు. ఆ రాత్రే గుమస్తా షాపు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోతాడు. చంపినవాడంటూ ఎవడూ లేడు. కానీ గుమస్తా బావమరిదికి, ముఠా (బస్తాలు మోసే కూలీల జట్టు) మేస్త్రికి, ఏసీ సూపర్‌వైజరుకి డబ్బు సంగతి తలా కొంత తెలుసు. మిగతా ఇద్దరిలో ఎవడో చంపాడని ముగ్గురూ అనుకుంటారు. సరుకు బయటికి రావాలంటే బాండు మీద గుమస్తా వేలిముద్ర కావాలి కాబట్టి శవం పాడవకుండా ఆరు రోజులు ఏసీలో టిక్కీల మధ్య దాస్తారు. లక్ష టిక్కీల్లో డబ్బున్న టిక్కీ కోసం వెతుకుతారు. చివరికి శవాన్ని టాటా ఏస్‌లో 40 టిక్కీల కింద పెట్టి విజయవాడ తెచ్చి ప్రకాశం బ్యారేజీ మీంచి కృష్ణలోకి తోసేస్తారు. ఎస్సై పట్టుకుంటాడు. హత్య కేసు పడుతుంది, అసలు హత్యే లేదు.

ఎక్కడెక్కడ తేలిపోతోందో చెప్పండి.

కాటా చీటీ
మొదటి దెబ్బ బరువు దగ్గరే. 500 నోటు గ్రాము పైచిలుకు, 1.15 అనుకోండి. కోటికి 20 వేల నోట్లు, వంద నోట్ల కట్టలు 200. అంటే 23 కిలోలు. రెండు కోట్లంటే 46 కిలోలు. తేజ టిక్కీ బరువు 40 నుంచి 45 కిలోలు. అంటే కాయలన్నీ తీసేసి నోట్లే నింపినా కాటా మీద పెద్ద తేడా కనబడదు. తేడా కనబడేది బస్తా వాలకంలో. అన్ని నోట్లకు యాభై లీటర్ల చోటు చాలు. అదే బరువు ఎండుమిర్చికి మూడు నాలుగింతల చోటు కావాలి. పైన కాయ, లోపల నోట్లు కలిపి బస్తా నిండుగా కనిపించేలా నింపితే డెబ్బై కిలోలు దాటుతుంది, కాటాకు ఎక్కగానే దొరికిపోతాడు. ఖాళీగా వదిలేస్తే ముఠావాడు వీపు మీదికి ఎత్తుకోగానే ఇదేదో ఇనప ముక్కలా ఉందంటాడు.

పదేళ్ళు ఆ షాపులో చేసిన గుమస్తా ఒక టిక్కీలో పెట్టడు. పది టిక్కీల్లో సర్దుతాడు. ఒక్కోదాంట్లో 40 కట్టలు, అంటే 20 లక్షలు, 4.6 కిలోలు. అంతే బరువు కాయ తీసేస్తాడు. కాటా సరిపోతుంది, బస్తా పదోవంతు వదులవుతుంది, ఎవరూ పట్టించుకోరు. మచ్చు చూసేవాళ్ళు మూతి దగ్గరో పక్కనో గుప్పెడు లాగుతారు కాబట్టి కట్టలు నడిమధ్యలో ఉండాలి.

తాలుకాయ
లక్ష టిక్కీల్లో వెతకడం పోస్టరు మీదికి బాగుంటుంది గానీ ఏసీలో అలా ఉండదు. ఏ సరుకైనా లాటుగానే లోపలికి వెళ్తుంది. బస్తా మీద మార్కా, లాటు నంబరు రంగుతో వేస్తారు. ఏ ఛాంబరు, ఏ అంతస్తు, ఏ వరస అన్నది రిజిస్టరులో ఉంటుంది. సూపర్‌వైజరు మీ ముగ్గురిలో ఒకడైనప్పుడు పది నిమిషాల్లో లాటు ముందు నిలబడతాడు. 120 టిక్కీల లాటు పెట్టండి. అందులో 10. చూసేవాడికి లెక్క గుర్తుంటుంది, ఉత్కంఠ అక్కడ పుడుతుంది.

ఆ 120 కోసి చూసుకోవడం తేలికనుకోవద్దు. కాయను తొక్కి తొక్కి నింపి, దబ్బనంతో పురికొస వేసి కుడతారు. మూతి విప్పగానే ఉబ్బుతుంది. చేత్తో తిరిగి నింపితే నాలుగైదు కిలోలు బయటే మిగిలిపోతాయి. పది బస్తాలు విప్పేసరికి కింద ఒక కుప్ప. 5 డిగ్రీల చలికి వేళ్ళు మొద్దుబారి దబ్బనం పట్టు దొరకదు. తేజ దుమ్ముకు దగ్గు ఆగదు. దగ్గకుండా ఉండాలని ముగ్గురూ నోట్లో తువ్వాలు కుక్కుకుని పని చేస్తుంటే, దొంగతనం సీనుకి అంతకంటే సంగీతం అక్కర్లేదు.

ఇంకోటి, కొక్కెం. ముఠావాళ్ళు బస్తాను కొక్కెంతోనే లాగుతారు. డబ్బున్న టిక్కీ మొదటిసారి బయటపడేది కొక్కెం మొనకు చిక్కిన సగం 500 నోటుతో అయితే బాగుంటుంది. ఆ సగం నోటు పట్టుకుని మేస్త్రి బ్యాంకుకి వెళ్ళినా పనవుతుంది: ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం విలువ ఇస్తారు. రెండు కోట్లు పక్కన పెట్టుకుని కౌంటరు దగ్గర 250 కోసం వాదించే మనిషి మీ సినిమాలో ఉండాలి.

ఆటోనగర్ అన్న
టాటా ఏస్ మీద 40 టిక్కీలా? 40 ఇంటూ 45, 1.8 టన్నులు. ఏస్ మోసేది ముప్పావు టన్ను. 16 టిక్కీలకే స్ప్రింగు పట్టెలు కూర్చుంటాయి. టాటా 407 గానీ ఐషర్ లారీ గానీ పెట్టుకోండి. మనిషిని కింద పెట్టి పైన అంత బరువు పేర్చితే మిగిలేది శవం కాదు.

మధ్యలో ఒక గ్యాంగు ఉంటే మాస్ జనానికి కూడా ఎక్కుతుందని నా అభిప్రాయం. మా ఏరియాలో నాలుగు లారీలతో ఛేజింగు పడితే ఇంటర్వెల్ అదిరిపోద్ది.

గాంధీనగరం బాక్సు
అన్నా, గ్యాంగు వచ్చిన క్షణం ఈ కథ చచ్చిపోతుంది. ముగ్గురు మామూలు మనుషులు, ఒక్కొక్కడికి రోజువారీ పని ఉంది, ఆ పని చేస్తూనే శవాన్ని చూసుకోవాలి. అదే దీని రుచి. కత్తి పట్టుకున్నవాడు ఒక్కడు కనబడినా జనం వాడి కోసం ఎదురుచూస్తారు, దబ్బనం కుట్టు ఎవడికీ పట్టదు.

మార్చురీ గుమ్మం
శవం వైపు నుంచి చెప్తాను. మీరు అనుకున్నదానికంటే ఇక్కడే ఎక్కువ సరుకుంది.

మనిషి కుర్చీలో పోయాడు. వేసవి వేడిలో రైగర్ మార్టిస్, అంటే బిగుసుకుపోవడం, ఒకటి రెండు గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర మొదలై మెడ, చేతులు, కాళ్ళకు దిగుతుంది. ఆరేడు గంటలకు నిలువెల్లా కొయ్యబారతాడు. బయటే ఉంచితే ఒకటిన్నర రోజుకల్లా సడలిపోయి పాడవడం మొదలవుతుంది. ఏసీలో పెడితే ఆ బిగువు రోజుల తరబడి ఉంటుంది. అంటే మీవాళ్ళు మోసేది పడుకున్న శవాన్ని కాదు, కుర్చీ లేకుండా కూర్చున్న మనిషిని. టిక్కీల మధ్య పడుకోబెట్టడం కుదరదు, కూర్చోబెట్టాల్సిందే. మేస్త్రి మోకాలు బలవంతంగా చాపితే చాపవచ్చు. కానీ ఒకసారి విరిచిన బిగువు మళ్ళీ రాదు. ఒళ్ళంతా కొయ్య, ఒక్క కాలు వేలాడుతుంటే పోస్టుమార్టం చేసే డాక్టరు మొదట అడిగేది ఆ కాలు గురించే.

రెండోది మచ్చలు. గుండె ఆగాక రక్తం కిందికి దిగి చర్మం మీద ఊదారంగు పులుముకుంటుంది. ఆరు నుంచి పన్నెండు గంటల్లో స్థిరపడుతుంది, తరవాత ఎటు తిప్పినా చోటు మారదు. కూర్చుని పోయాడు కాబట్టి పాదాలు, పిక్కలు, ముంజేతుల్లో ఉంటుంది, కుర్చీకి ఆనిన చోట తెల్లగా ఉంటుంది. తరవాత పడుకోబెట్టి దొరికేలా చేసినా ఆ గీతలు కుర్చీనే చూపిస్తాయి. చలిలో ఉంచిన శవానికి ఈ మచ్చలు ఊదా పోయి గులాబీ రంగుకు తిరుగుతాయి. మేకప్ చేసేవాళ్ళకు ఇది ముందే చెప్పండి. మీ కథలో శవం ఏసీలో ఉందని పోలీసుకు తెలియాల్సింది సాక్షి వల్ల కాదు, ఈ గులాబీ రంగు వల్ల.

ఇక వేలిముద్ర. లోపల 5 డిగ్రీలు. సంతకాలు పెట్టే గది బయట, అక్కడ మే నెల. చల్లటి గ్లాసు మీద నీళ్ళు పట్టినట్టే శవం బయటికి రాగానే ఒళ్ళంతా చెమ్మ పడుతుంది. నుదుటి మీద, పై పెదవి మీద, వేళ్ళ మీద బొట్లు. బొటనవేలు తుడిచి ఇంకు ప్యాడ్ మీద అద్దేలోపు మళ్ళీ తడి. కాగితం మీద ముద్ర బదులు నీలం మరక. లుంగీ అంచుతో తుడుస్తారు, మళ్ళీ బొట్టు. లోపలే ముద్ర వేయించుకుంటే ఈ బాధ లేదు. కానీ లోపల వెలుతురు చాలదని బయటికి తెచ్చింది వీళ్ళే.

బ్రాడీపేట 4/14
డాక్టరు గారూ, ఆ చెమట ఒక్కటి చాలు. బావమరిది వెళ్ళి ఫ్యాన్ వేస్తాడు, ఇక మాటల్లేవు.

గాంధీనగరం బాక్సు
ఫ్యాన్ వేసి ఊరుకోండి. "ఏంటి బావా చెమట పట్టింది" అనే డైలాగు రాశారో, హాల్లో నవ్వు సగమవుతుంది. తెర మీద ఎవడికీ ఇది కామెడీ అని తెలియకూడదు. వెనక టొయ్ టొయ్‌మనే సంగీతం అసలే వద్దు.

పంచనామా
"హత్య కేసు పడుతుంది" అన్నది నిలబడదు. నిలబడని చోటే మీకు ఇంతకంటే మంచి ముగింపు ఉంది.

మనిషి కనబడటం లేదని భార్య ఫిర్యాదుతో మిస్సింగ్ కేసు మొదలవుతుంది. శవం దొరికాక అనుమానాస్పద మృతి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షను 194. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట శవ పంచనామా, తరవాత పోస్టుమార్టం. గుండె రక్తనాళం మూసుకుపోయిందని రిపోర్టు వస్తే హత్య సెక్షను ఎగిరిపోతుంది. ఇప్పుడు సాక్ష్యం మాయం చేశారన్న, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ సెక్షను 238 కూడా ఎగిరిపోతుంది, ఎందుకంటే అది నిలబడాలంటే ముందు ఒక నేరం జరిగి ఉండాలి. నేరమే లేకపోతే దాచింది దేన్ని?

మిగిలేవి రెండు. చనిపోయేనాటికి మృతుడి స్వాధీనంలో ఉన్న సొత్తును కాజేయడం, 315. మూడేళ్ళ దాకా. రెండోది మీరు సరదాగా రాసుకున్న ఆ వేలిముద్ర. సరుకు డెలివరీ ఇవ్వమనే కాగితాన్ని ఫోర్జరీ చేస్తే 338 కిందికి వస్తుంది, పదేళ్ళు గానీ యావజ్జీవం గానీ. శవాన్ని ఆరు రోజులు దాచినందుకు కాదు, ఇంకు ప్యాడ్ కోసం తడి తుడిచినందుకు యావజ్జీవం దాకా పోయే కేసు. పైగా గుమస్తా అన్నవాడు చదువుకున్నవాడు, సంతకం చేస్తాడు. అతని కాగితం మీద వేలిముద్ర కనబడిందంటేనే అనుమానం.

సోదా జరిగేటప్పుడు వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతోంది. కానిస్టేబుల్ ఫోన్‌లో స్టోరేజీ నిండిపోయి, సెక్యూరిటీ గార్డు ఫోన్ అడుక్కునే సీను ఉచితంగా వస్తుంది.

ఎల్లో టిక్కెట్టు
కథ ఏ ఏడాదో చెప్పలేదు మీరు. 2024 మే పెట్టండి, సగం లొసుగులు వాటంతట అవే పూడిపోతాయి.

మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. కోడ్‌లో 50 వేలకు మించి నగదు తీసుకెళ్తే కాగితాలు చూపించాలి, దారి పొడుగునా తనిఖీలే. కాబట్టి రెండు కోట్లు బ్యాంకుకో ఇంటికో పోకుండా మిర్చిలో ఎందుకు దాక్కున్నాయో ఎవరికీ వివరించక్కర్లేదు. 2000 నోటును అంతకు ముందు ఏడాది మేలోనే చలామణీ నుంచి వెనక్కి తీసుకున్నారు కాబట్టి అంతా 500లే, ఆ 46 కిలోలు తప్పవు. మేలో యార్డుకు వేసవి సెలవులు, షాపులు మూసి ఉంటాయి, ఏసీలు మాత్రం నడుస్తాయి. మూసిన షాపులో మనిషి పోతే ఎవరూ చూడరు.

బ్యారేజీ సీను మాత్రం తీసేయండి. 70 గేట్ల మీద రాత్రంతా బండ్లు తిరుగుతూనే ఉంటాయి, మేలో కింది వైపు ఇసుక తిన్నెలు, మడుగులు. తోస్తే శవం నీళ్ళలో పడదు, ఇసుక మీద కూర్చుంటుంది. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ కూడా ఎండాకాలం కట్టేసి ఉంటాయి. ఊరి నిండా కాలవలు, శవానికి నీళ్ళు లేవు.

పంచనామా
2024 మే అయితే నేను పైన రాసిన నంబర్లన్నీ మార్చుకోండి. కొత్త చట్టాలు వచ్చింది జూలై 1 నుంచి. అంతకు ముందు జరిగిన నేరానికి ఐపీసీనే. 194 బదులు సీఆర్‌పీసీ 174, 238 బదులు ఐపీసీ 201, 315 బదులు 404, 338 బదులు 467. వీడియో సీను పోతుంది, దాని మీద మనసు పెట్టుకుంటే కథను జూలై తరవాతకు జరపాలి. నన్నడిగితే ఎండ, కోడ్, సెలవులు మూడూ వదులుకుని ఒక ఫోన్ జోకు దక్కించుకోవడం గిట్టుబాటు కాదు.

సీసీ మెకానిక్కు
శవాన్ని ఆరు రోజులు ఎందుకు ఉంచుకుంటారన్నదానికి కారణం లేదు కథలో. వేలిముద్ర మొదటి రోజే అయిపోతుందిగా? కారణం నేను ఇస్తాను.

ఏసీ గేటు దగ్గర, ఛాంబర్ల ముందు ఎనిమిది కెమెరాలు. వాటి దృశ్యాలు రికార్డు చేసే పెట్టె, డీవీఆర్‌లో 1 టీబీ డిస్కు. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకు 21.6 జీబీ రాస్తుంది. ఎనిమిదికీ కలిపి 170 జీబీ పైనే. ఆరు రోజుల లోపు డిస్కు నిండి పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. సూపర్‌వైజరు ఎవరో మెకానిక్కుని మాటల్లో పెట్టి ఇదే తెలుసుకుంటాడు. డిస్కు పీకేస్తే అనుమానం, ఆరు రోజులు ఓపిక పడితే శవాన్ని లోపలికి మోసిన దృశ్యం దానంతటదే పోతుంది. అందుకని ఆగుతారు.

వాడికి తెలియనిది ఏంటంటే ఆ డీవీఆర్ మోషన్ రికార్డింగులో ఉంది. కదలిక ఉంటేనే రాస్తుంది. సెలవుల్లో గేటు దగ్గర కదిలేది కుక్క, వాచ్‌మెన్. ఆరు రోజులకు సరిపోతుందనుకున్న డిస్కు నెలన్నా నిండదు. ఏమీ జరగని రాత్రులన్నీ వదిలేసి, ముగ్గురు మనుషులు కూర్చున్న మనిషిని ఎత్తుకెళ్తున్న ముప్పావు నిమిషాన్ని మాత్రం జాగ్రత్తగా దాచిపెడుతుంది.

గడియారం కూడా చూసుకోండి. నెట్టుకు తగిలించని డీవీఆర్ టైము మెల్లగా జరిగిపోతుంది. పోలీసులు ఫుటేజీ తీసుకునేటప్పుడు అసలు టైముకీ దానికీ తేడా ఎంతో రాసుకుంటారు. ఎస్సై ఆ పని చేయడం చూపిస్తే చాలు, తెలివైనవాడని డైలాగులో చెప్పించక్కర్లేదు.

కాటా చీటీ
మే 7 రాత్రి పోయాడనుకోండి. ఆరు రోజులు కలిపితే మే 13. పోలింగ్ రోజు.

ఎల్లో టిక్కెట్టు
అబ్బ. అయితే చచ్చినవాడికి ఓటుంది.

బావమరిదికి ఇంతకంటే మంచి ఆలోచన రాదు: బావ 13న బతికే ఉన్నాడని చూపించాలంటే బావ ఓటు వేయాలి. ఎవడినో తయారు చేసి పంపుతాడు, పడుతుంది. ఇప్పుడు ప్రభుత్వ రిజిస్టరులో శవం 13 పొద్దున ఓటు వేసింది. పోస్టుమార్టం రిపోర్టు మాత్రం అంతకు కొన్ని రోజుల ముందే పోయాడంటుంది. ఎస్సై ఏ కాగితాన్ని నమ్మాలి?

దాంతో శవం ఎడమ చూపుడు వేలికి సిరా పెట్టాల్సిన పని పడుతుంది.

మార్చురీ గుమ్మం
సిరా గురించి: అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలితేనే నల్లబడుతుంది. ఏసీ చీకట్లో పెడితే లేత మరకలా ఉండిపోతుంది. బయటికి తెచ్చి పెడదామంటే మళ్ళీ ఆ తడి, ఆరకముందే జారి వేలి కిందికి కారుతుంది. ఎలా పెట్టినా తప్పుగానే వస్తుంది. కథకు అంతే కావాలి.

చల్లగా ఉంచిన శవం చూడటానికి తాజాగానే ఉంటుంది కాబట్టి మామూలు డాక్టరు 13నే పోయాడని అనుకునే అవకాశం ఉంది. గులాబీ మచ్చలు, కుర్చీ గీతలు, కారిన సిరా ఈ మూడింటిని కలిపి చూసే డాక్టరు పాత్ర ఒకటి రాయండి. పెద్ద పాత్ర అక్కర్లేదు, రెండు సీన్లు. దయచేసి శవం పక్కన సమోసా తినిపించకండి, అది చాలా సినిమాల్లో అయిపోయింది.

పంచనామా
వేరేవాడి ఓటు వేస్తే ఐపీసీ 171ఎఫ్, ఏడాది దాకా. మీ నేరాల పట్టిక పెరుగుతోంది, చావుకి సంబంధించింది మాత్రం ఒక్కటీ లేదు.

బ్రాడీపేట 4/14
బ్యారేజీ తీసేశాను. మరి శవం చివరికి ఎక్కడ దొరకాలి? విజయవాడ స్టేషన్ బెంచీ మీద వదిలేద్దామా?

ఎల్లో టిక్కెట్టు
స్టేషన్ అయితే రైల్వే పోలీసులకు పోతుంది కేసు, మీ ఎస్సై అవుట్. పైగా అక్కడిదాకా తేవాలి. హైవే మీద వస్తే కాజ టోల్‌గేటు, ఫాస్టాగ్‌లో బండి నంబరు, నిమిషంతో సహా. టోల్ తప్పించాలంటే తాడికొండ, తుళ్ళూరు మీదుగా ఉండవల్లి కరకట్ట పట్టుకోవాలి, లేదా తెనాలి, దుగ్గిరాల వైపు తిరగాలి. మూడు దారుల్లోనూ ఆ వారం తనిఖీ ఉంటుంది. మహాప్రస్థానం బండి (ప్రభుత్వ శవ వాహనం) మాట్లాడదామంటే అది ప్రభుత్వాసుపత్రి కాగితం లేనిదే కదలదు.

తాలుకాయ
శవం ఎక్కడికీ పోనక్కర్లేదు. పోయిన కుర్చీలోనే తెచ్చి కూర్చోబెట్టొచ్చు. బిగుసుకున్న భంగిమ సరిగ్గా దానికే సరిపోతుంది, మచ్చలు కూడా సరిపోతాయి. ముందే అక్కడ వదిలేసి ఉంటే ఏ కేసూ లేదు. మేస్త్రి విరిచిన కాలు ఒక్కటే కుర్చీలో కుదరదు.

విజయవాడ వెళ్ళాల్సింది శవం కాదు, సరుకు. 120లో 40 టిక్కీలు గుమస్తా బతికుండగానే సంతకం చేసి గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టుకు డెలివరీ ఇచ్చాడు. డబ్బున్న పదిలో నాలుగు అందులో ఉన్నాయి. అంటే 80 లక్షలు అక్కడ ఎవరో తొడిమలు తీయించడానికి విప్పబోతున్నారు. కూలికి తొడిమలు తీసే ఆడవాళ్ళ ముందు నోట్ల కట్ట జారిపడితే ఏమవుతుందో మీరే రాసుకోండి, నా ఓటు మాత్రం వాళ్ళు ఒక్క మాట మాట్లాడకుండా పంచుకుని పని కొనసాగించడానికే.

ఆటోనగర్ అన్న
గ్యాంగు వద్దన్నారు సరే, 407 అయినా ఉంచినందుకు సంతోషం.

ఫోకస్ పుల్లర్
కథ కుదిరింది కాబట్టి తీసే సంగతి. లోపల 5 డిగ్రీల్లో మనుషుల నోట్లోంచి ఆవిరి కనబడుతుంది. బాగుంటుంది, కానీ శవంగా వేసే నటుడి ముక్కులోంచి కూడా కనబడుతుంది. ఊపిరి బిగబట్టి ఇరవై సెకన్లకు మించి షాటు రాదు. శవం క్లోజప్పులు మామూలు గదిలో సెట్టు వేసి తీయండి, లోపల వైడ్ షాట్లకు బొమ్మ పెట్టండి. బతికినవాళ్ళు ముగ్గురికి ఆవిరి వస్తూ నాలుగోవాడికి రాకపోవడం, ఆ ఒక్క వైడ్ షాటు కోసమైనా అసలు ఏసీలో రెండు రోజులు తీయాలి.

కెమెరా లోపల్నుంచి బయటికి తెస్తే శవానికి పట్టిన తడే లెన్సుకీ పడుతుంది. లోపలే పాలిథీన్ కవరులో సిలికా జెల్ పొట్లాలతో గాలి లేకుండా కట్టి, బయట గంట, రెండు గంటలు ఆగి విప్పాలి. అందుకని లోపలి షాట్లన్నీ ఒకే దఫా, టీకి బయటికి, షాటుకి లోపలికి కుదరదు. బ్యాటరీలు చలికి త్వరగా దిగుతాయి, స్పేర్లు జేబులో పెట్టుకోండి. లెన్సులు లోపల మార్చొద్దు. మిర్చి దుమ్ము పడితే బ్లోయరు, బ్రష్షు వాడండి, గుడ్డతో రుద్దితే నూనె మరక పట్టేస్తుంది. లోపలి ఫ్యాన్ల మోతకు లైవ్ సౌండ్ రాదు, ఒక అరగంట ఆపమని ముందే మాట్లాడుకోండి. చల్లటి సరుకు నిండుగా ఉంటే ఆ కాసేపట్లో వేడి ఎక్కదు. చలి పుట్టించే అమ్మోనియా ప్లాంటు వైపు లైట్లు, జనరేటరు వేయకండి, బయటికి దారి ఎటో యూనిట్టు మొత్తానికి మొదటి రోజే చూపించండి.

ఏసీలు ఖాళీగా దొరికేది డిసెంబరు, జనవరిల్లో, కొత్త కాయ రాకముందు. ఖాళీ ఛాంబరులో చెక్క ఫ్రేము కట్టి ముందు వరసకే బస్తాలు పేర్చుకోవచ్చు, లోపల ఊక. అయితే ఊక బస్తా కెమెరాకు తెలిసిపోతుంది. అసలు టిక్కీకి గోనె కన్నాల్లోంచి ఎర్రటి పొట్టు, తొడిమలు పొడుచుకొచ్చి ఉంటాయి. కెమెరా వైపు గోనెకు ఆనించి రెండంగుళాల మందాన కాయ పరిచి వెనక ఊక నింపండి.

ఆర్టు డిపార్టుమెంటు
నోట్ల గురించి ఒక హెచ్చరిక. 400 కట్టలూ అచ్చు వేయక్కర్లేదు. పైదీ కిందదీ రంగు కాగితం, మధ్యలో తెల్ల కాగితం. పై నోటు మీద షూటింగు కోసం మాత్రమే అని పెద్దగా ఉండాలి, సైజు కూడా అసలు 66 ఇంటూ 150 మిల్లీమీటర్ల కంటే తేడాగా కోయండి. అసలు నోటును పోలిన కాగితం అచ్చు వేస్తే బీఎన్ఎస్ 182. జరిమానా 300 రూపాయలే, కానీ కట్టలు పోలీసులు పట్టుకెళ్తే షెడ్యూలు ఆగిపోతుంది. తెల్ల కాగితం నోటు కంటే తేలిక, బస్తా మోసేవాడి నడుము వంగదు. మోసే షాట్లకు లోపల ఇసుక సంచి వేసి 45 కిలోలు చేయండి. నటనతో రాదు అది.

గాంధీనగరం బాక్సు
సెన్సారు: శవాన్ని ఇంతసేపు చూపిస్తే 'ఏ' సర్టిఫికెట్టు ఇవ్వొచ్చు, కాస్త సర్దుకుంటే యూఏ 16+ అడగొచ్చు. 'ఏ' సర్టిఫికెట్టుతో టీవీకి పోదు, మళ్ళీ కోసి చూపించుకోవాలి. మేస్త్రి నోట్లో బీడీ పెడితే సినిమా మొదట్లో, మధ్యలో 30 సెకన్ల చొప్పున హెచ్చరిక, బీడీ కనబడినంతసేపూ కింద అక్షరాలు. శవానికి చెమట పట్టే సీనులో కింద పొగాకు హెచ్చరిక నడుస్తుంటే ఎలా ఉంటుందో చూసుకుని బీడీ ఉంచాలో వద్దో తేల్చుకోండి.

బ్రాడీపేట 4/14
ఒక్కటి మిగిలింది. పోలీసు కుక్క ఏసీకి వచ్చి గుమ్మం దగ్గరే తుమ్మి వెనక్కి తిరిగిపోయే సీను ఉంది. నిజం కుక్కతో తీయొచ్చా?

ఆర్టు డిపార్టుమెంటు
తీయొచ్చు. షూటింగుకు ముందే జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి, 2001 నాటి నిబంధనల్లో ఉంది. ఆ కాగితం లేకపోతే సెన్సారులో ఆగుతుంది. మిర్చి దగ్గరికి కుక్కను తీసుకెళ్తామని దరఖాస్తులో రాస్తే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఊక బస్తాల ముందు కుక్కను విడిగా తీసుకుని, మిర్చి షాటు పక్కన అతికించండి. వెనక్కి తిరగడం ట్రైనరు చేయిస్తాడు. తుమ్ము మాత్రం కెమెరా నడుస్తుండగా అదే తుమ్మితే ఉంచుకోండి, లేకపోతే సౌండులో పెట్టుకోండి. ముక్కు దగ్గర ఏదీ ఊదొద్దు.